నడిచి చూసిన తీరాలు: భీమిలి, కోరంగి, కొల్లేరు, పులికాట్

విశాఖపట్నం నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు అద్భుతమని చెప్పేవాళ్ళలో చాలామంది దాన్ని కారు అద్దంలోంచి చూసినవాళ్ళే. వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. కాకపోతే నడిచేవాళ్ళ లెక్క వేరు. కొండ బాగుందా, సముద్రం బాగుందా అన్నది తరవాత సంగతి. నీడ ఎక్కడుంది, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, బాత్రూమ్ ఎంత దూరంలో ఉంది, కాళ్ళు మొరాయిస్తే తిరుగు బస్సు ఎక్కడ ఎక్కాలి, ముందు ఇవి తేలాలి. ముఖ్యంగా ఆడవాళ్ళం ఇద్దరమే బయల్దేరితే బాత్రూమ్ సంగతి తేలకుండా అడుగు ముందుకు పడదు.

మా వదిన బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. మోకాళ్ళు నాకంటే గట్టివి, ఓపిక మాత్రం నాకంటే తక్కువ. చలికాలాల్లో వీలు చిక్కినప్పుడల్లా బెజవాడ నుంచి బయల్దేరి కోస్తా పొడుగునా కొన్ని తీరాలు నడిచాం. అన్నయ్య రాడు. "సముద్రం ఎక్కడికీ పోదు కదమ్మా" అంటాడు. ఉప్పాడ చూసి ఉంటే ఆ మాట అనేవాడు కాదు, ఆ సంగతి తరవాత చెబుతాను.

ముందు విశాఖ. ఆర్కే బీచ్‌లో తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తారు. ఆ వేళ రోడ్డంతా నడిచేవాళ్ళదే. కురుసుర సబ్‌మెరైన్, ఎదురుగా టీయూ-142 యుద్ధ విమానం ఉన్న మ్యూజియంల ముందు నుంచి ఎటు చూసినా జనం: చేతులు బారలు చాపుతూ నడిచే పెద్దమనుషులు, బ్యాడ్మింటన్ ఆడే పిల్లలు, గిన్నెల్లో మొలకలు అమ్మేవాళ్ళు. బెంచీలున్నాయి, మంచి నీళ్ళున్నాయి, డబ్బులిచ్చి వాడుకునే బాత్రూములున్నాయి. సౌకర్యాల లెక్కలో ఈ యాత్ర మొత్తానికి మొదటి మార్కు దీనిదే. వాహనాలు వదిలాక మాత్రం అక్కడ ఉండబుద్ధి కాదు. సాయంత్రం నడుద్దామనుకుంటే ముంత మసాలా బండ్ల మధ్య, సెల్ఫీలు దిగేవాళ్ళ మధ్య మెలికలు తిరుగుతూ పోవాలి.

ఇక్కడి ఇసుక గురించి ఒక్క మాట. తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు కెరటాలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతుంటాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర 1970ల్లో ఔటర్ హార్బర్ కట్టాక ఆ రాక తగ్గింది. అందుకే పోర్టు వాళ్ళు తవ్విన ఇసుకను తెచ్చి ఆర్కే బీచ్‌లో పోయిస్తూ ఉంటారు. ఒక ఏడాది వెడల్పుగా కనిపించిన బీచ్ మరుసటి ఏడాది సన్నబడి గట్టు రాళ్ళు బయటపడి ఉంటే కంగారు పడక్కర్లేదు. అదే చోటుకి వచ్చారు.

లాసన్స్ బే దాటాక కైలాసగిరి కొండ రోడ్డుకి ఒకవైపు, సముద్రం రెండోవైపు. తెన్నేటి పార్కు, జోడుగుళ్ళపాలెం మీదుగా సాగే ఈ ముక్క చూడటానికి అందరికంటే అందగత్తె, నడవడానికి మహా గడుసుది. ఫుట్‌పాత్ కొంతదూరం ఉంటుంది, ఉన్నట్టుండి మాయమవుతుంది. మలుపుల్లో బస్సులు రాసుకుంటూ పోతాయి. కానీ సాయంత్రం నాలుగు అయ్యేసరికి కొండ నీడ రోడ్డు మీద పడుతుంది. తూర్పు తీరంలో ఎండ నుంచి అలా తప్పించే కొండ దొరకడం అదృష్టమే. కాబట్టి ఈ ముక్కకి సాయంత్రమే మంచిది. 2020 అక్టోబరులో ఒక బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి ఈ తెన్నేటి పార్కు కిందే రాళ్ళకి చిక్కుకుంది. దాన్ని చూడటానికి ఊరు ఊరంతా వచ్చింది. ఇప్పటికీ ఆటోవాళ్ళు ఆ చోటు వేలితో చూపిస్తారు.

సాగర్‌నగర్ నుంచి రుషికొండ దాకా చెప్పుకోదగ్గది లేదు. సరుగుడు చెట్ల వెనక సముద్రం దోబూచులాడుతుంది, రోడ్డు మీద దుమ్ము లేస్తుంది. మేము ఆ ముక్క బస్సులో దాటాం. మీరూ అదే పని చేయండి. స్టేషను నుంచి భీమిలి వెళ్ళే 900కె బస్సు ఈ దారినే పోతుంది. ఎక్కడ చెయ్యెత్తినా ఆపుతారని కాదు గానీ స్టాపులు దగ్గర దగ్గరగా ఉన్నాయి. 2025లో ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా డబుల్‌డెక్కర్ టూరిస్టు బస్సులు కూడా వచ్చాయి. ఒక టిక్కెట్టుతో దిగి ఎక్కుతూ పోవచ్చు. పై అంతస్తు బాగుంటుంది గానీ నడవాలని వచ్చినవాళ్ళకి 900కె చాలు.

రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు, అంటే శుభ్రంగా ఉన్న బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ జెండా, వచ్చింది. 2025 మొదట్లో నిర్వహణ బాగాలేదని ఆ జెండా కొన్నాళ్ళు తీసేశారు, తరవాత తిరిగి ఇచ్చారు. ఈ జెండా గొడవ వల్ల ఒక మేలు జరిగింది. బట్టలు మార్చుకునే గదులు, షవర్లు, బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి. మా వదిన తలూపిందంటే అవి నిజంగా శుభ్రంగా ఉన్నట్టే. నీళ్ళలోకి దిగే విషయంలో మాత్రం జాగ్రత్త. ఇక్కడ లోపలికి లాగే సుడులు ఎక్కువ, ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. కాపలావాళ్ళు ఈల వేస్తే వెనక్కి రావాలి, వాదించకూడదు. కొండ చుట్టూ ఇసుక మీద నడిచి అవతలికి వెళ్ళొచ్చనుకుంటే కుదరదు, రోడ్డెక్కాల్సిందే. ఆ కొండ మీద పర్యాటక శాఖ హరిత రిసార్టు ఉండేది. పొద్దున్నే కిటికీ తీస్తే సముద్రమే. 2021లో దాన్ని పడగొట్టారు. మధ్యతరగతివాళ్ళకి అందుబాటులో ఉన్న అలాంటి గది ఈ తీరంలో మళ్ళీ రాలేదు.

బస గురించి చెబుతున్నాను కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. రుషికొండ పరిసరాల్లో అపార్టుమెంట్లలో గదులు అద్దెకిస్తున్నారు. మేము ఆన్‌లైన్లో తీసుకున్న గదికి "సీ వ్యూ" అని రాశారు. సముద్రం కనిపించిన మాట నిజమే, బాత్రూమ్ వెంటిలేటర్‌లోంచి, మునివేళ్ళ మీద నిలబడితే. ఫోటోలో ఉన్న బాల్కనీ పక్కవాళ్ళదట. ఫోన్ చేస్తే "నెక్స్ట్ టైమ్ ఇస్తాం మేడమ్" అన్నాడు. వేడినీళ్ళు పొద్దున్న ఏడుకి గానీ రావు. సూర్యోదయానికి ఇసుక మీద ఉండాలనుకునేవాళ్ళకి ఏడింటి వేడినీళ్ళు ఎందుకు? రెండోసారి వెళ్ళినప్పుడు ఊళ్ళో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మామూలు లాడ్జిలో దిగాం. సముద్రం కనిపించదు, కానీ తెల్లవారుజామున వేడినీళ్ళు, కింద ఇడ్లీ బండి, నాలుగడుగుల్లో బస్టాండు. అద్దె కూడా తక్కువ. నడవడానికి వచ్చినవాళ్ళకి గదిలోంచి కనిపించే సముద్రం కంటే మొదటి బస్సు అందడం ముఖ్యం.

అసలు నడక మంగమారిపేట దగ్గర మొదలవుతుంది. ఇక్కడ రోడ్డు కాస్త పక్కకి తప్పుకుంటుంది. హారన్ల చప్పుడు వెనకబడుతుంది. పేట పక్కనే సముద్రం కోసి వదిలిన రాతి తోరణం ఉంది. దాని దగ్గరికి నీళ్ళు వెనక్కి తగ్గే పాటు సమయంలోనే వెళ్ళాలి. పోటు వచ్చినప్పుడు రాళ్ళ మీద నాచు తడిసి కాలు నిలవదు. పోటు, పాటు రోజుకి రెండేసి సార్లు వస్తాయి, రోజురోజుకి ముప్పావుగంటో యాభై నిమిషాలో జరుగుతూ పోతాయి. అమావాస్యకీ పున్నమికీ నీళ్ళు మరింత పైకి వస్తాయి. ఈ వేళలు ఫోన్లో చూసుకోవచ్చు గానీ పేటలో ఎవర్నడిగినా అంతకంటే నమ్మకంగా చెబుతారు. పాటులో తడి ఇసుక సిమెంటు గచ్చులా గట్టిగా ఉంటుంది, మైళ్ళు నడిచినా కాలు కూరుకుపోదు. పోటులో పొడి ఇసుక మీద నడిస్తే అరగంటకే పిక్కలు పట్టేస్తాయి. ఒకే తీరం, ఒకే దూరం, వేళ మారితే కష్టం రెట్టింపు.

మేము వెళ్ళేసరికి అలివి వల లాగుతున్నారు. రెండు చివర్ల తాళ్ళు పట్టుకుని రెండు జట్లు, వెనక్కి వంగి, మడమలు ఇసుకలో దిగేసి, అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి పోతున్నారు. చివర ఉన్నవాడు తాడు వదిలి నీళ్ళ అంచుకి నడిచి వెళ్ళి మళ్ళీ ముందు పట్టు పడతాడు. తాడు నడుమెత్తున బిగుసుకుని మా దారికి అడ్డంగా ఉంది. వంగి కింద నుంచి దూరాం. వల ఒడ్డుకి చేరేసరికి ఆడవాళ్ళు గంపలతో చుట్టూ మూగారు. లోపల పిడికెళ్ళ కొద్దీ నెత్తళ్ళు, నాలుగైదు కానగంతలు, మిగతాదంతా జెల్లీ చేపలూ ప్లాస్టిక్ సంచులూ. అంతమంది మనుషుల మధ్య పంచుకోవాల్సినది ఆ గంపలో సగం కూడా లేదు. "ఏటుందమ్మా చేప, బోట్లు ఎక్కువైపోనాయి" అంది ఒకావిడ, అంతలోనే మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏటి, ఇలా నడిసొచ్చేసినారా? ఆటో దొరకనేదా?" అంది. మా వదిన నవ్వి, "దొరికింది, ఎక్కలేదు" అంది. ఆవిడ నమ్మలేదు. తాగడానికి నీళ్ళు మాత్రం ఇంట్లోంచి తెప్పించి ఇచ్చింది.

జనవరి దాటాక ఈ ఇసుకలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెడతాయి. అటవీశాఖ వాళ్ళు వెదురు దడులు కట్టి గుడ్లను పొదిగిస్తారు, పిల్లలు బయటికొచ్చాక సముద్రంలో వదులుతారు. ఆ దడుల్లోకి తొంగి చూడకండి, రాత్రిపూట టార్చి వేయకండి. ఆ రోజుల్లో చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చిన పెద్ద తాబేళ్ళు కూడా కనిపిస్తాయి. వలల్లో చిక్కి ఊపిరాడక పోయినవి. పిల్లల్ని తీసుకెళ్తే ముందే చెప్పి ఉంచండి.

తొట్లకొండ బౌద్ధారామం ఈ దారికి ఎడమపక్క కొండ మీదుంది. 1976లో నౌకాదళం వాళ్ళ సర్వేలో బయటపడింది. పైకి రోడ్డుంది, నడిచి ఎక్కొచ్చు. పైనుంచి తీరం మొత్తం కనిపిస్తుంది, చెట్ల నీడ ఉంది, టిక్కెట్టు నామమాత్రం. ఇసుక నడక, కొండ ఎక్కుడు రెండూ ఒకే పూట పెట్టుకోవద్దు. ఒకదానికి న్యాయం జరగదు.

ఆ పైన నౌకాదళం స్థావరం ఐఎన్‌ఎస్ కళింగ వస్తుంది. బోర్డులు కనిపించిన చోట బుద్ధిగా రోడ్డెక్కాలి. అది దాటాక ఎర్రమట్టి దిబ్బలు. వీటి గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నానేమో. మంచుయుగంలో సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి మోసుకొచ్చి పోసిందనీ, అందులోని ఇనుము తుప్పెక్కి ఎర్రబడిందనీ, వయసు 18,500 నుంచి 20,000 ఏళ్ళనీ భూగర్భ శాస్త్రం వాళ్ళు చెబుతారు. 2014లో జియోలాజికల్ సర్వే దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో తిరుమల కొండలతో పాటు చేరింది.

చూడటానికి పొద్దున ఏడున్నరలోపు వెళ్ళాలి. ఏటవాలు ఎండలో వాన కోసిన గాళ్ళు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తాయి. గాడిలోకి దిగితే రెండుపక్కలా మనిషిని మించిన ఎర్ర గోడలు, పైన ఈత పొదలు, నడుమ ఒక్క మనిషి పట్టే సందు. గోడ గట్టిగానే కనిపిస్తుంది. వేలితో రాస్తే పొడి రాలుతుంది, వేలు పసుపు కుంకుమ కలిపి ముట్టుకున్నట్టు అవుతుంది. అంత పెళుసు. అలాంటి గోడల మీద పేర్లు చెక్కేవాళ్ళు, అంచుల మీద ఎక్కి ఫోటోలు దిగేవాళ్ళు, ఒక వానకి రావలసిన కోతను ఒక్క ఆదివారంలో తెచ్చిపెడుతున్నారు. గాళ్ళ అడుగున నడవండి, అంచుల మీద వద్దు. సేవల సంగతి చెప్పాలంటే సున్నా. నీడ లేదు, నీళ్ళు లేవు, బాత్రూమ్ లేదు. గేటు దగ్గర కొబ్బరిబొండాలు, సోడాలు ఉంటే ఉన్నట్టు. పది దాటితే కిందనుంచీ పైనుంచీ సెగ. యునెస్కో పేరు చెప్పుకుని మనుషుల్ని పిలిచేముందు ఒక బాత్రూమ్ కట్టించి, ఒక కాపలా మనిషిని పెట్టించి ఉండాల్సింది.

భీమిలి చేరేసరికి ఆకలేస్తుంది. గోస్తనీ సముద్రంలో కలిసేచోట పడవలు, ఎండుచేపల పందిళ్ళు. బొర్రా గుహల మీదుగా వచ్చిన ఏరే ఇది. ఊళ్ళో గడియారస్తంభం, డచ్చివాళ్ళ పాత సమాధులు, లైట్‌హౌస్ అన్నీ నడకదూరంలోనే ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, వీధుల్లో ఆ తీరికతనం ఇంకా ఉంది. సమాధుల దగ్గర గేటు ఒక్కోసారి తాళం వేసి ఉంటుంది, పక్కింటివాళ్ళనడిగితే తీసేవాళ్ళని చూపిస్తారు. రోడ్డు పొడుగునా బొంగులో చికెన్ బోర్డులే. వెదురు బొంగు వాసన ఉన్నది కొన్నింటిలోనే, మిగతావి మామూలు వేపుడును బొంగులో దూర్చి ఇచ్చినట్టున్నాయి. మీ కళ్ళముందు కాల్చి తీసేచోటే తినండి. ఉండటానికి భీమిలిలో మంచి లాడ్జీలు తక్కువ. సాయంత్రానికి బస్సెక్కి విశాఖ వచ్చేయడం మేలు.

ఒక్క పూటే ఉందంటే నా సలహా ఇది: మొదటి బస్సులో ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగండి, అవి చూసి భీమిలి దాకా ఇసుక మీద నడవండి. మిగతా అంతా ఇంకోసారికి.

కాకినాడ వైపు కథ వేరు. అక్కడ సముద్రం పక్కన నడవడం కంటే మడ అడవిలో నడవడమే బాగుంది. కోరంగి అభయారణ్యం 1978 నాటిది. కాకినాడ నుంచి యానాం వెళ్ళే బస్సెక్కితే దారిలోనే దిగొచ్చు. లోపల మడ చెట్ల మధ్య బురద మీద ఎత్తుగా కట్టిన కాలిబాట ఉంది. కోస్తాలో మేము చూసినవాటిలో అచ్చంగా నడవడం కోసమే కట్టిన దారి ఇదొక్కటే అనిపించింది. పాటు వేళ వెళ్ళండి. నీళ్ళు తగ్గాక బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన శ్వాస వేర్లు, వాటి మధ్య ఒక డెక్క పెద్దదీ ఒకటి చిన్నదీ ఉన్న పీతలు, రెక్కల మీద పాకుతూ గెంతే బురద చేపలు కనిపిస్తాయి. వంతెన కమ్మీ పట్టుకుని కదలకుండా నిలబడితే రెండు నిమిషాలకి పీతలన్నీ కన్నాల్లోంచి మళ్ళీ బయటికొస్తాయి. మా వదిన ఓపికలేనిది, ఆ రోజు మాత్రం కమ్మీ వదల్లేదు. ఇక్కడే బావురుపిల్లులూ నీటికుక్కలూ ఉన్నాయి. పగటిపూట జనం మధ్య అవి కనిపిస్తాయని ఆశ పెట్టుకోవద్దు.

1839 తుపాను ఈ కోరంగి రేవు పట్టణాన్ని తుడిచిపెట్టింది. అంతకు ముందు 1789లోనూ అలాంటి దెబ్బే. ఓడలు కట్టిన ఊరు పల్లెగా మిగిలింది. ఇప్పుడు తుపాన్లొచ్చినప్పుడు ఈ మడ అడవే వెనకనున్న ఊళ్ళకి అడ్డం నిలుస్తుంది.

సేవలు: టిక్కెట్టు కౌంటరు, బాత్రూములు ఉన్నాయి. బోటు షికారు నీళ్ళు ఉన్నప్పుడే కదులుతుంది, కాబట్టి పీతలు చూడాలంటే బోటు ఉండదు, బోటెక్కాలంటే పీతలు ఉండవు. రెండూ కావాలంటే పూటంతా ఉండాలి. దోమలకి ఒంటికి రాసుకునేది పట్టుకెళ్ళాలి. ఆదివారం, సంక్రాంతి సెలవులు అసలు వద్దు. బాట ఇరుకు, రీల్స్ తీసేవాళ్ళు మలుపు మలుపుకీ ఆగుతారు. బస కాకినాడలో. లాడ్జీలు పుష్కలంగా ఉన్నాయి, భోజనం గురించి కాకినాడవాళ్ళకి ఒకరు చెప్పేదేముంది. కాజా మాత్రం ఊరు వదిలే రోజునే కొనండి, ముందే కొంటే మిగలదు.

ఉప్పాడ చీరల కోసం మా వదిన ఆగింది. సరే, కాకినాడ నుంచి ఉప్పాడకి సముద్రం పక్కనుంచే రోడ్డు కదా, కొంత నడుద్దామనుకున్నాం. రోడ్డు అంచులో అడ్డంగా వేసిన రాళ్ళు, వాటిని దాటి ఎగిరే కెరటాలు, కోసుకుపోయి మళ్ళీ పోసిన తారు. కొన్నిచోట్ల ఇళ్ళ వెనక గోడలు సగమే మిగిలి ఉన్నాయి. మగ్గం దగ్గర చీర చూపించిన పెద్దాయన, వాళ్ళ పాత ఇల్లు ఎక్కడుండేదంటే సముద్రంలోకి చెయ్యి చూపించాడు. అక్కడ నడవడానికి దారీ లేదు, నడవాలనిపించే మనసూ లేదు. చీరలు చూసి ఆటోలో వచ్చేశాం. జాందానీ చీర వదిన కొన్నది, ధర అన్నయ్యకి సగమే చెప్పింది.

బాపట్ల దగ్గర సూర్యలంక గురించి రెండు మాటలు. వెడల్పైన చదునైన ఇసుక, పొద్దున్నే చక్కగా నడవొచ్చు, బాపట్ల స్టేషను నుంచి ఆటోలు దొరుకుతాయి. శని ఆదివారాల్లో హైదరాబాద్ బళ్ళన్నీ ఇక్కడే ఉంటాయి, ఆ రెండు రోజులు గదుల అద్దెలు చెట్టెక్కుతాయి. మంగళవారమో బుధవారమో వెళ్ళండి.

కొల్లేరు మాకు ఇంటి పక్కది. బెజవాడ నుంచి గుడివాడ, భీమవరం వైపు రైలెక్కితే కైకలూరు. అక్కడి నుంచి ఆటోలో ఆటపాక పక్షి కేంద్రం. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి రావచ్చు కాబట్టి బస గొడవే లేదు. గట్టు మీద నడిచే దారి, చెట్ల నీడ, పక్షులు చూసే మంచె. గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు పెట్టుకోవడానికి అటవీశాఖ నీళ్ళలో ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. చూడగానే వదిన మొహం చిట్లించింది, "పక్షులకి మంచాలేమిటి" అంది. కానీ వాటి మీద కాలు పెట్టే చోటు లేకుండా గూళ్ళు. ఒక పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేప లాక్కుంటుంటే బైనాక్యులర్ నా చేతికి తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. చెట్లు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఈ స్టాండ్ల అవసరమే ఉండేది కాదు, అది వేరే మాట.

ఆటపాక దాటి సరస్సు వెంట నడుద్దామంటే మాత్రం సరస్సు ఎక్కడ మొదలై చెరువులు ఎక్కడ ఆగాయో తెలియదు. 1999లో అభయారణ్యం, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఆపరేషన్ కొల్లేరు, ఇన్ని జరిగాయి. గట్ల మీద ఇప్పటికీ చేపల లారీలే నడుస్తున్నాయి. మేత బస్తాల వాసన, లారీల దుమ్ము. వాళ్ళ బతుకుతెరువు వాళ్ళది, తప్పుపట్టను. నడకకి మాత్రం ఆటపాక గట్టు దగ్గరే ఆగిపోండి. మధ్యాహ్నం కైకలూరులో చేపల పులుసుతో భోజనం చేసి రైలెక్కండి.

చివరగా పులికాట్. చిలికా తరవాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకి సరస్సు మధ్యలోంచి రోడ్డు పోతుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా రెండుపక్కలా ఫ్లెమింగోలు. రోడ్డుకి అంత దగ్గరగా మరెక్కడా చూడలేదు. ఒంటికాలి మీద నిలబడి తల కిందులుగా ముక్కు ముంచి నీళ్ళు జల్లిస్తుంటే ఆ వంకర ముక్కు ఎందుకో అప్పుడు అర్థమవుతుంది.

నడక దృష్టితో చూస్తే ఈ రోడ్డుకి మార్కులు వేయలేను. నీడ ఒక్క చెట్టుది కూడా సరిగ్గా లేదు, షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) కాలనీ బస్సులు వేగంగా పోతుంటాయి, పక్కకి దిగితే ఒండ్రు. పైగా ఈ రోడ్డు గట్టే సరస్సును రెండు ముక్కలు చేసింది. నీళ్ళు అటూ ఇటూ సరిగా ఆడక ఉత్తరపు ముక్క తొందరగా ఎండిపోతోంది. ముఖద్వారాల్లో ఇసుక మేట వేయడం దానికి తోడు. మేము పొద్దున్నే ఆటోలో వెళ్ళి, అటకానితిప్ప దగ్గర దిగి, కొద్దిదూరం నడిచి, ఆగి, మళ్ళీ నడిచి, అదే ఆటోలో వెనక్కి వచ్చాం. వెయిటింగ్‌కి ఎంతో ముందే మాట్లాడుకోండి. మాకు దొరికిన అబ్బాయి వెళ్ళేటప్పుడు ఒక రేటు, నడి సరస్సులో ఇంకో రేటు చెప్పాడు. అక్కడ బేరమాడటానికి మనకి మిగిలేదేముంది, ఫ్లెమింగోల సాక్ష్యం తప్ప.

నడవడానికి నేలపట్టు బాగుంది. సూళ్ళూరుపేటకి ఉత్తరాన, హైవే మీద దొరవారిసత్రం దగ్గర లోపలికి తిరగాలి. చెరువు గట్టు వెంట చెట్ల నీడలో కాలిబాట, చివర మంచె. నీళ్ళలో మునిగి నిలబడ్డ నీటి కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, గూటి మీద గూడు. పక్షుల రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్ళు పొలాలకి ఎరువు. అందుకే ఊరివాళ్ళు తరతరాలుగా వాటి జోలికి ఎవర్నీ పోనివ్వరు. గట్టు మీద గట్టిగా మాట్లాడితే వాచర్ కాదు, గడ్డి కోసుకుంటున్న ఆవిడే మమ్మల్ని మందలించింది. బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి, నీళ్ళు మాత్రం వెంట తెచ్చుకోవాలి, తినడానికి ఏమీ దొరకదు.

సూళ్ళూరుపేటలో స్టేషను దగ్గర లాడ్జీలున్నాయి. మామూలువి, ఒక రాత్రికి చాలు. చెన్నై నుంచి లోకల్ రైళ్ళు ఇక్కడిదాకా వస్తాయి, అందుకని చెన్నైలో ఉన్న మనవాళ్ళకి ఇది ఒక్కరోజు ప్రయాణమే. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న వారంలోనూ, జనవరిలో ఫ్లెమింగో పండగ పెట్టిన రోజుల్లోనూ గదులు దొరకవు, దొరికినా మూడింతల అద్దె. రెండు తేదీలూ చూసుకుని టిక్కెట్లు తీసుకోండి.